కనిపించని గాలికి... పిల్లల కాపలా!

రంగు లేదు. రుచి లేదు. వాసనా లేదు. నేలలోంచి నెమ్మదిగా ఇంట్లోకి వస్తుంది. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో తన పని తాను చేసుకుపోతుంది. దాని పేరు రేడాన్. అమెరికాలో పొగతాగే అలవాటు తర్వాత అత్యధికంగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తెచ్చిపెడుతున్నది ఆ వాయువే. పెద్దలు పెడచెవిన పెట్టిన ఈ సంగతిని అక్కడి బడిపిల్లలు ఇంటికి మోసుకొస్తున్నారు... ఓ చిన్న డబ్బా చేతపట్టుకుని!

1984 డిసెంబరు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. పాట్స్‌టౌన్ దగ్గర లిమరిక్ అణువిద్యుత్ కేంద్రం కడుతున్నారు. అక్కడ పనిచేసే ఇంజినీరు స్టాన్లీ వాట్రస్‌కి ఓ వింత సమస్య వచ్చిపడింది. పని ముగించుకుని బయటికి వెళ్లేటప్పుడు ఉద్యోగులంతా ఓ యంత్రం ముందు నిలబడాలి. ఒంటికి రేడియోధార్మిక ధూళి అంటుకుందేమో అది కనిపెడుతుంది. వాట్రస్ వెళ్లి నిలబడగానే అలారం గణగణా మోగేది. సిబ్బంది వచ్చి శుభ్రం చేసేవారు. మర్నాడు మళ్లీ అదే మోత!

కేంద్రంలో అప్పటికింకా కరెంటు ఉత్పత్తి మొదలే కాలేదు. మరి ఈ ధూళి ఎక్కణ్నుంచి అంటుతున్నట్టు? వాట్రస్‌కి ఓ ఆలోచన వచ్చింది. ఓ ఉదయం విధుల్లోకి వెళ్లకుండా, ఇంటి నుంచి వచ్చీ రాగానే నేరుగా యంత్రం ముందుకెళ్లి నిలబడ్డాడు. అలారం మోగింది. అంటే... ఆ ధూళి పనిచేసే చోటు నుంచి ఇంటికి వెళ్లడం లేదు. ఇంటి నుంచే పనిచేసే చోటికి వస్తోంది!

నిపుణులు బోయర్‌టౌన్‌లో ఉన్న ఆయన ఇంటికెళ్లి గాలిని కొలిచారు. లీటరు గాలిలో సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ తర్వాత 4 పికోక్యూరీలు దాటితే ఇంటికి మరమ్మతు చేయించుకోవాలని నిర్ణయించింది. అంటే ఆ ఇంట్లో ఉన్నది దానికి 670 రెట్ల పైమాటే! వాట్రస్ భార్యాపిల్లలతో ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. నెలల తరబడి మరమ్మతులు చేశాకగానీ ఆ ఇల్లు మళ్లీ మనుషులుండటానికి పనికిరాలేదు.

అణువిద్యుత్ కేంద్రం ప్రమాదకరమనీ ఇల్లు భద్రమనీ అందరూ అనుకుంటారు. ఆ ఒక్క సంఘటన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1988లో, ఇళ్లలో రేడాన్‌ను తగ్గించడానికి అమెరికా ఏకంగా ఓ చట్టమే చేసింది.

ఏడుగురు భర్తలు!

నిజానికి ఈ కథ వాట్రస్‌తో మొదలు కాలేదు. అయిదు శతాబ్దాల కిందటే జర్మనీ, చెక్ దేశాల సరిహద్దు కొండల్లో వెండి గనులు తవ్వేవారు. ఆ గనుల్లోకి దిగిన మగవాళ్లు నడివయసు రాకుండానే దగ్గుతూ, ఆయాసపడుతూ చనిపోయేవారు. గని కార్మికుల కష్టాలను దగ్గరగా చూసిన అగ్రికోలా అనే వైద్యుడు గనుల తవ్వకం మీద రాసిన పుస్తకం 1556లో అచ్చయింది. కొన్ని గని ప్రాంతాల్లో ఒక్కో స్త్రీ ఏడుగురిని పెళ్లాడాల్సి వచ్చిందనీ, ఏడుగురినీ ఈ ఊపిరితిత్తుల జబ్బే పొట్టన పెట్టుకుందనీ అందులో రాశాడాయన. కొండదేవతల ఆగ్రహమని కొందరూ రాతిపొడి అని కొందరూ అనుకున్నారు. 1879లో హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు ష్నీబర్గ్ గని కార్మికులకు వస్తున్నది ఊపిరితిత్తుల్లో పుట్టే ప్రాణాంతక కణితి అని తేల్చారు. అసలు దోషి ఎవరో మాత్రం వాళ్లకీ అంతుపట్టలేదు.

1898లో మేరీ క్యూరీ దంపతులు రేడియాన్ని కనిపెట్టారని బడిలో చదువుకున్నాం కదా! ఆ రేడియం దొరికిన ముడిఖనిజం ఈ కొండల్లోని యాఖిమోవ్ గని నుంచి వచ్చిందే. రేడియం నుంచి ఓ వాయువు వెలువడుతుందని 1900లో జర్మన్ శాస్త్రవేత్త డోర్న్ గుర్తించాడు. అదే రేడాన్. ఆ తర్వాత అమెరికా యురేనియం గనుల్లోనూ అదే విషాదం పునరావృతమైంది. అక్కడ పనిచేసిన నవాహో తెగ ఆదివాసులు ఎందరో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి బలయ్యారు. వాళ్లకీ వాళ్ల కుటుంబాలకూ పరిహారం చెల్లించే చట్టం 1990లోగానీ రాలేదు. మనుషుల్లో క్యాన్సర్‌ను కలిగించే కారకాల జాబితాలో రేడాన్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది 1988లో.

గనుల్లో ఉన్నది ఇంట్లోకెలా వచ్చింది? చాలా తేలిగ్గా! భూమిలో దాదాపు అన్నిచోట్లా ఎంతో కొంత యురేనియం ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా, అదింకా విచ్ఛిన్నమై రేడాన్‌గా మారుతుంది. మిగతావన్నీ ఘనపదార్థాలు. మట్టిలోనే పడి ఉంటాయి. రేడాన్ ఒక్కటే వాయువు. కాబట్టి మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. ఆరుబయట అయితే గాలిలో కలిసి పలచబడిపోతుంది. పైన ఇల్లు ఉంటే... పునాది పగుళ్లు, పైపుల చుట్టూ ఉన్న సందులు, గచ్చుకీ గోడకీ మధ్య చీలికల్లోంచి లోపలికి దూరుతుంది. చలిదేశాల్లో ఇంట్లో హీటరు వేస్తారు. వేడిగాలి పైకి పోతుంటే కింద కాస్త ఖాళీ ఏర్పడి, ఇల్లే స్ట్రాలా నేలలోని గాలిని పైకి పీలుస్తుంది. పైగా తలుపులూ కిటికీలూ బిగించే ఉంటాయి. వచ్చింది వచ్చినట్టే లోపల పోగుపడుతుంది.

బెలూన్ చెప్పిన పాఠం

ఇంత సంగతినీ పన్నెండేళ్ల పిల్లలకు చెప్పడమెలా? కనిపించనిదాన్ని నమ్మించడమెలా? అమెరికా సైన్స్ టీచర్లకు ఎదురైన మొదటి సవాలు అదే. దానికి వాళ్లకు దొరికిన చక్కని సాధనం... పుట్టినరోజు పండక్కి కట్టే బుడగ!

రబ్బరు బెలూన్‌ను ఊది ఊలు గుడ్డతో బాగా రుద్దుతారు. దానికి స్థిరవిద్యుత్తు వస్తుంది. గోడకి ఆనిస్తే అతుక్కుంటుందే, అలాగన్నమాట. దాన్ని బడి భవనంలో నేల మట్టానికి కింద ఉండే గదిలో, అంటే బేస్‌మెంట్‌లో ఓ అరగంట వేలాడదీస్తారు. ఆ తర్వాత గాలి తీసేసి, ఆ రబ్బరు ముక్కను రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటరు దగ్గర పెడతారు. అప్పటిదాకా ఎప్పుడో ఓసారి టిక్... టిక్... మంటున్న యంత్రం ఒక్కసారిగా టకటకా మోగడం మొదలుపెడుతుంది. పిల్లల కళ్లు పెద్దవవుతాయి. మామూలు బెలూన్! ఎవరూ దానికేమీ పూయలేదు. గదిలోని గాలిలోంచే ఏదో వచ్చి అంటుకుంది.

ఆ అంటుకున్నది రేడాన్ కాదు, రేడాన్ పిల్లలు. రేడాన్ విచ్ఛిన్నమైతే పొలోనియం, సీసం, బిస్మత్ పరమాణువులు పుడతాయి. ఇవి ఘనపదార్థాలు. గాలిలోని ధూళికణాల మీదా విద్యుదావేశం ఉన్న వస్తువుల మీదా వాలిపోతాయి. వాట్రస్ దుస్తులకు అంటుకుని అలారం మోగించింది కూడా ఇవే. అరగంటో ముప్పావుగంటో ఆగి మళ్లీ కొలిస్తే బెలూన్ మోత సుమారు సగానికి పడిపోతుంది. మరికాసేపటికి అందులో సగం.

అసలు పాఠం ఇక్కడే ఉంది. రేడాన్‌ను పీల్చినా చాలావరకు అలాగే బయటికి వదిలేస్తాం. దాని పిల్లలు అలా కాదు. బెలూన్‌కి అంటుకున్నట్టే ఊపిరితిత్తుల లోపలి పొరకీ అంటుకుంటాయి. అక్కడే విచ్ఛిన్నమై ఆల్ఫా కణాలను వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఆపడానికి ఓ కాగితం చాలు. మన చర్మం మీదున్న మృతకణాల పొర కూడా ఆపేస్తుంది. కానీ ఊపిరితిత్తుల్లో ఆ రక్షణ ఉండదు. కణం తగిలిన చోటల్లా డీఎన్‌ఏ దెబ్బతింటుంది. చాలావరకు శరీరమే మరమ్మతు చేసుకుంటుంది. ఎప్పుడో, ఎక్కడో ఒక కణంలో మరమ్మతు సరిగ్గా జరగదు. అది ముదిరి క్యాన్సర్ కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

నాణేల లెక్క

గైగర్ కౌంటరు లేని బడుల్లో ఇంకో ఆట ఆడిస్తారు. వంద నాణేలను డబ్బాలో వేసి కుదిపి బల్లమీద పోస్తారు. బొమ్మ పడినవన్నీ పక్కకి తీసేస్తారు. అవి విచ్ఛిన్నమైపోయినట్టు లెక్క. మిగిలినవాటిని మళ్లీ కుదుపుతారు. వందలో సుమారు యాభై, తర్వాత పాతిక, తర్వాత పన్నెండో పదమూడో... ఏ నాణెం ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. సగం పోవడం మాత్రం ఖాయం. రేడాన్ విషయంలో ఒక్కో కుదుపూ 3.8 రోజులు. అర్ధజీవితకాలం అనే పెద్దమాట అంత తేలిగ్గా బుర్రకెక్కిపోతుంది.

ఈ నాణేల ఆటలో ఇంకో సుగుణం ఉంది. ముప్పును అంచనా వేయడమంటే ఏమిటో కూడా అదే నేర్పుతుంది. లీటరుకు 4 పికోక్యూరీల రేడాన్ ఉన్న ఇంట్లో జీవితమంతా గడిపితే పొగతాగనివాళ్లలో వెయ్యికి ఏడుగురికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. అదే పొగతాగేవాళ్లయితే వెయ్యికి 62 మంది. ఆ ఏడుగురూ ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు. అలాగని ఆ ఏడుగురు లేకుండా పోరు. దేశం మొత్తం మీద ఏటా 21,000 మంది రేడాన్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని ఆ సంస్థ లెక్కగట్టింది. వాళ్లలో 2,900 మంది జీవితంలో ఒక్క సిగరెట్టూ తాగనివారే.

బడులకి ఈ పాఠం అవసరం కావడానికి మరో కారణమూ ఉంది. దేశవ్యాప్తంగా బడుల్లో గాలిని పరీక్షిస్తే దాదాపు ప్రతి అయిదు బడుల్లో ఒకదాంట్లో కనీసం ఒక గదిలోనైనా రేడాన్ పరిమితికి మించి ఉందని తేలింది. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు రేడాన్ మీద జాతీయస్థాయి పోస్టర్ల పోటీలూ ఏళ్ల తరబడి పెట్టారు. కానీ బొమ్మ గీస్తే ఇంట్లో గాలి మారదు. అందుకే చాలామంది టీచర్లు మరో అడుగు ముందుకేసి పరీక్ష డబ్బాను పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపుతున్నారు.

డబ్బా ఇంటికొచ్చింది

పేర్లెందుకుగానీ... న్యూజెర్సీలో స్థిరపడిన ఓ తెలుగు కుటుంబం అది. నాన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అమ్మ బ్యాంకు ఉద్యోగి. ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి ఓ శుక్రవారం సాయంత్రం బడి నుంచి వస్తూ షూపాలిష్ డబ్బాలాంటిదాన్ని తెచ్చింది. లోపల నల్లటి బొగ్గుపొడి.

''నాన్నా, దీన్ని బేస్‌మెంట్‌లో పెట్టాలి. నాలుగు రోజులు కిటికీలు తీయకూడదు. నేలకి ఇరవై అంగుళాల ఎత్తులో ఉంచాలి. వంటింట్లో, బాత్రూంలో పెట్టకూడదు'' అని గడగడా చెప్పేసింది.

''మనది కొత్తిల్లే కదా తల్లీ, మనకెందుకుంటుంది?'' అన్నాడు నాన్న.

''కొత్తిళ్లే ఇంకా గట్టిగా మూసుకుని ఉంటాయి నాన్నా. లోపలికొచ్చింది బయటికి పోదు. పక్కింట్లో లేకపోయినా మనింట్లో ఉండొచ్చు. కొలిస్తేనే తెలుస్తుందట.''

నాన్న ఇంకేమీ అనలేదు. నాలుగేళ్ల కిందట ఆ ఇల్లు కొనేటప్పుడు రేడాన్ పరీక్ష చేయించుకోమని ఏజెంటు చెప్పాడు. అప్పుడు ఇళ్లకి గిరాకీ ఎక్కువ. అదీ ఇదీ పరీక్షలంటే అమ్మేవాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనన్న భయంతో వదిలేసుకున్నారు. తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నారు. ఆ 'తర్వాత' మాత్రం రానేలేదు.

డబ్బాను మూతతీసి పెట్టారు. నాలుగోరోజు సాయంత్రం మూతపెట్టి టేపు చుట్టగానే ''ఇవాళే పోస్టు చేసేయాలి'' అని అమ్మాయి పట్టుబట్టింది. ''రేపు ఆఫీసుకెళ్తూ చేస్తాలేమ్మా'' అంటే ఊరుకోదే! 3.8 రోజుల్లో సగం పోతుంది కదా మరి. ఆలస్యమైతే ప్రయోగశాలలో కొలిచేందుకు ఏం మిగులుతుంది? నాణేల ఆట అక్కడ అక్కరకొచ్చింది.

పదిరోజుల తర్వాత ఫలితం వచ్చింది. 7.2.

కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ముందుగా తేరుకున్నది అమ్మ. ''ఏవండీ... మామయ్యగారు కింద గదిలోనే కదా పడుకుంటున్నది!'' అంది. అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఈ మాట ఎందుకంత బరువైందో అర్థమవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మెట్లెక్కే పని లేకుండా, ఓ మంచం, ఓ టీవీ, తెలుగు ఛానళ్లూ ఏర్పాటు చేసి బేస్‌మెంట్‌లోనే బస ఇస్తుంటారు చాలామంది. బాపట్ల దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆ తాతయ్య అయిదు నెలలుగా రోజుకు పద్దెనిమిది గంటలు గడుపుతున్నది ఆ గదిలోనే. ఆయనకి చుట్ట అలవాటు. ఇంట్లో వద్దంటారని పెరట్లోకెళ్లి కాల్చుకొస్తాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మనవరాలు అన్నీ వివరిస్తుంటే తాతయ్య వింటూ కూర్చున్నాడు. పొగతాగనివాళ్లకీ ఇది వస్తుందని ఆ పిల్ల అనగానే ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది.

''మా తమ్ముడు బడిపంతులు. బీడీ ముక్క కూడా ముట్టి ఎరగడు. వాడికి ఊపిరితిత్తుల్లో క్యాన్సరొచ్చింది'' అన్నాడు చాలాసేపటికి. ''చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ఒకటే అడిగేవాడు... రోజుకెన్ని పెట్టెలు తాగేవాడేంటని. అసలు అలవాటే లేదంటే, చాటుగా తాగుంటాడులే అనేవాళ్లు. నేనూ మనసులో అట్టాగే అనుకున్నా. ఆ మాటే వాణ్ని ఎక్కువ బాధపెట్టింది తల్లీ, జబ్బు కన్నా.''

ఆయన తమ్ముడికి ఆ జబ్బు ఎందుకొచ్చిందో ఇప్పుడెవరూ చెప్పలేరు. బాపట్ల పల్లెలో గాలి ఆడే ఇంట్లో రేడాన్ వల్ల వచ్చిందనీ అనలేం. వంటింటి పొగ కావచ్చు, మరొకటి కావచ్చు, ఏ కారణమూ దొరక్కపోవచ్చు. ఒకటి మాత్రం నిజం. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ప్రతివాడూ పొగతాగి తెచ్చుకున్నవాడు కాదు. ఆ సంగతి ఏడో తరగతి పిల్ల చెబితేగానీ ఆ పెద్దాయనకు తెలియలేదు. ఒకవేళ తాగి తెచ్చుకున్నవాళ్లనైనా మంచం దగ్గర కూర్చుని తప్పుపట్టడం ఎవరికీ మందు కాదు.

మర్నాడే తాతయ్య మకాం పై అంతస్తుకి మారింది. ఒక్క పరీక్షతో తేల్చేయకూడదని రెండో డబ్బా పెట్టి చూశారు. అదీ 6.6 చూపించింది. లైసెన్సున్న పనివాళ్లను పిలిపించారు. వాళ్లు బేస్‌మెంట్ గచ్చుకి రంధ్రం చేసి పి.వి.సి. పైపు దించారు. దాన్ని గోడవారగా ఇంటి కప్పు దాకా తీసుకెళ్లి, మధ్యలో ఓ ఫ్యాను బిగించారు. అది గచ్చు కింది గాలిని ఇరవైనాలుగు గంటలూ పీల్చి కప్పుమీద వదిలేస్తుంది. అంటే రేడాన్ ఇంట్లోకి రాకముందే దారి మళ్లిస్తారన్నమాట. పైపుకి రంగునీళ్లున్న చిన్న గాజుగొట్టం తగిలిస్తారు. అందులో రెండువైపులా నీటిమట్టం సమానంగా ఉంటే ఫ్యాను ఆగిపోయినట్టు. తేడా ఉంటే పనిచేస్తున్నట్టు. ఒక్కరోజు పని. ఖర్చు పదిహేను వందల డాలర్లు. మళ్లీ పరీక్షిస్తే 1.1!

రోజూ ఆ గాజుగొట్టాన్ని చూసొచ్చే బాధ్యత ఇప్పుడు ఆ అమ్మాయిదే. ''తాతయ్యా, పైపు పెట్టించాం కదా... మరి నీ చుట్టో?'' అని ఆ పిల్ల అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. రేడాన్, పొగాకు విడివిడిగా ఉన్నప్పటికన్నా కలిస్తే ముప్పు ఎన్నోరెట్లు పెరుగుతుందన్న లెక్క ఆయనకి మనవరాలే వేసి చూపించింది. రోజుకి నాలుగు చుట్టలు ఇప్పుడు రెండయ్యాయి. మనవరాలు ఇంకా ఒప్పుకోలేదు!

భయపెట్టకుండా చెప్పాలి

అన్ని ఇళ్లలోనూ కథ ఇంత సాఫీగా సాగదు. పిల్లలకి ఇలాంటి పాఠం చెప్పడం కత్తిమీద సామే. 'మీ ఇంటి గాలిలో క్యాన్సర్ ఉంది' అని వింటే ఓ చిన్న బుర్ర ఆ రాత్రి నిద్రపోతుందా? అందుకే అనుభవమున్న టీచర్లు కొన్ని నియమాలు పెట్టుకుంటారు. ముప్పు గురించి చెప్పిన పూటే దాన్ని తగ్గించే దారి గురించీ చెప్పాలి. పైపు, ఫ్యాను బొమ్మ గీయించాకే గంట కొట్టాలి. ఇది ఈ రాత్రికి రాత్రి ముంచుకొచ్చే ప్రమాదం కాదనీ, ఏళ్ల తరబడి పీలిస్తేనే ముప్పనీ, కాబట్టి సరిచేసుకునే వ్యవధి ఉందనీ స్పష్టంగా చెప్పాలి.

రెండో సంగతి ఇంకా సున్నితమైనది. ఎవరింట్లో ఎంత వచ్చిందో తరగతిలో చదివి వినిపించకూడదు. ఎందుకంటే మరమ్మతుకి వెయ్యి నుంచి రెండు మూడు వేల డాలర్లు అవుతుంది. అందరి దగ్గరా ఆ డబ్బుండదు. అద్దెకుండేవాళ్లు యజమానిని అడగాలి. అడిగితే ఖాళీ చేయమంటాడేమోనన్న బెంగ. సొంతిల్లయితే, సంగతి బయటపడితే ధర పడిపోతుందేమోనన్న బెంగ. ఆ బరువు పిల్లల భుజాల మీద పడకూడదు. అందుకే ఫలితం నేరుగా తల్లిదండ్రులకే చేరేలా చూస్తారు. తరగతిలో పేర్లు లేకుండా అంకెలతో మాత్రమే గ్రాఫులు గీయిస్తారు.

ఇంతా చేసి పిల్లలకే ఎందుకు చెప్పాలి? పెద్దలకి చెప్పలేదా అంటే చెప్పారు. అమెరికా సర్జన్ జనరల్ 1988లో ఓసారి, 2005లో ఇంకోసారి దేశప్రజలందరికీ హెచ్చరిక జారీచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఓ పుస్తకమే ప్రచురించింది. ఘనపు మీటరు గాలిలో 100 బెక్వెరళ్లు దాటకుండా చూసుకోవాలనీ, అది కుదరని దేశాల్లోనూ 300 మించకూడదనీ సూచించింది. అమెరికా వాళ్ల 4 పికోక్యూరీలంటే 148 బెక్వెరళ్లు. 2005లో ఐరోపాలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే 100 బెక్వెరళ్లు పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 16 శాతం పెరుగుతోందని తేలింది. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి, టీవీల్లో వచ్చాయి. పెద్దలు చదివి పేజీ తిప్పేశారు. కనిపించనిదాన్ని, కంపు కొట్టనిదాన్ని, ఇవాళ నొప్పి పెట్టనిదాన్ని పట్టించుకోవడం పెద్దలకి కష్టం. అదే కూతురు డబ్బా చేతికిచ్చి 'నాన్నా, నాలుగు రోజులే' అంటే కాదనడం అంతకన్నా కష్టం!

మరి మన ఇళ్లో?

ఇదంతా చదివి మనవాళ్లు కంగారు పడాల్సిన పనిలేదు. మన వాతావరణమే మనకో పెద్ద రక్ష. ఏడాదిలో ఎక్కువకాలం కిటికీలు తీసే ఉంచుతాం. హీటర్ల అవసరం లేదు. బేస్‌మెంట్‌లో పడుకునే అలవాటూ లేదు. వచ్చిన రేడాన్ వచ్చినట్టే గాలికి పోతుంది.

అలాగని మన నేలలో యురేనియం లేదనుకుంటే పొరపాటు. నల్గొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఏకంగా గనే ఉంది. తెలంగాణ గుట్టల్లోని గ్రానైటులోనూ కొంత యురేనియం, థోరియం సహజంగానే ఉంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర పరిశోధకులు నల్గొండ జిల్లాలోని పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చిన్నచిన్న ప్లాస్టిక్ ఫిల్ములు వేలాడదీసి రేడాన్‌ను కొలిచారు. ఆల్ఫా కణం తగిలినచోట ఆ ఫిల్ము మీద కంటికి కనిపించని గీత పడుతుంది. రసాయనంలో కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ గీతల్ని లెక్కపెడతారు. నేల తీరు, గోడలు కట్టిన సామగ్రి, గాలి ఆడే తీరును బట్టి ఒక ఇంటికీ మరో ఇంటికీ తేడా ఉంటుంది.

వంటింటి గ్రానైట్ గట్టు గురించి చాలామందికి అనుమానం. దాన్నుంచి వచ్చే రేడాన్ సాధారణంగా చాలా తక్కువే. గాలి ఆడే వంటింట్లో దాని గురించి బెంగపెట్టుకోనక్కర్లేదు. ఆలోచించాల్సింది ఇంకోటుంది. ఇళ్లు మారుతున్నాయి. నేలమట్టం గదుల్లో కూడా ఏసీలు పెట్టి కిటికీలు బిగించేస్తున్నాం. భవనాల కింద సెల్లార్లు తవ్వి, అందులోనే చిన్న గదులు కట్టి, వాచ్‌మన్ కుటుంబాలకి ఇస్తున్నాం. గాలీ వెలుతురూ రాని ఆ గదుల్లో పసిపిల్లలు పెరుగుతున్నారు. రేడాన్ ఉన్నా లేకున్నా, తేమకీ దోమలకీ వాహనాల పొగకీ తోడు మరో అనుమానం ఎందుకు? ఆ గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించడం, గచ్చు పగుళ్లు పూడ్పించడం పెద్ద ఖర్చు కాదు.

మన బడుల్లోనూ పదో తరగతిలోపే పరమాణువు గురించి చెబుతారు. యురేనియం గురించి, రేడియం గురించి కాస్త పెద్ద తరగతుల్లో చదివిస్తారు. అర్ధజీవితకాలం లెక్క పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అవుతుంది, మార్కులొస్తాయి, మర్చిపోతారు. వంద రూపాయి బిళ్లలూ ఓ డబ్బా ఉంటే చాలు, అదే పాఠాన్ని ఇంటి గాలితో ముడిపెట్టి చెప్పొచ్చు. ఏ ఉదయమో టీచరు 'మీ ఇంట్లో రోజంతా కిటికీ తెరవని గది ఏది? అందులో ఎవరు పడుకుంటారు?' అని అడిగితే చాలు. ఆ సాయంత్రం చాలా ఇళ్లలో కిటికీలు తెరుచుకుంటాయి. అందులో నానమ్మ గది కిటికీ కూడా ఉండొచ్చు.